మొండి పుండుకు నెత్తుటి మందు!

నెలల తరబడి కట్టు కట్టినా మానని పుండు... చీము, వాసన, చివరికి 'కాలు తీసెయ్యాలేమో' అన్న మాట. అలాంటి పుండు మీద రోగి ఒంట్లోంచి తీసిన నెత్తుటినే మందుగా మార్చి వేస్తున్నారు వైద్యులు. అదే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా... పొట్టిగా పీఆర్పీ. అది పడ్డాక పుండులోని కండలో ఏం జరుగుతుంది? ఎవరికి మేలు చేస్తుంది? ఎవరికి చెయ్యదు?

'తాతయ్యా, నేల మీద నెత్తురు మరకలు!'

హాల్లో ఆడుకుంటున్న మనవరాలు చూసి చెప్పేదాకా పెద్దాయనకు తెలియనే లేదు. కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో ఎప్పటినుంచో ఉన్న ఆనెకాయ పగిలి, లోపల పుండు పడింది. 'నొప్పే లేదు కదమ్మా, అదే పోతుందిలే' అన్నారాయన. అదే వారంలో మనవరాలు సైకిల్ మీంచి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఇల్లంతా ఏడుపు. పది రోజులు తిరిగేసరికి పక్కు కట్టి, అదీ రాలిపోయి, కింద లేత గులాబీ రంగు చర్మం వచ్చేసింది. తాతయ్య పాదం మాత్రం అలాగే ఉంది. పసుపు అద్దారు. ఆయింట్‌మెంట్ రాశారు. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలు మింగారు. మూడు నెలలైనా రూపాయి బిళ్లంత పుండు రూపాయి బిళ్లంతే!

ఇలాంటి ఇల్లు మనకు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు వ్యాధి ఉన్నవారు 10.1 కోట్ల మంది. షుగరు ఉన్న ప్రతి వందమందిలో 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదం మీద పుండు పడే అవకాశం ఉందన్నది వైద్యుల అంచనా. ఉబ్బిన సిరల వల్ల చీలమండ దగ్గర పడేవి, మంచం పట్టినవారికి నడుం కింద పడేవి, కుష్టు వ్యాధి వల్ల స్పర్శ పోయిన కాళ్లకు పడేవి కూడా ఈ కోవలోవే. సరైన వైద్యం చేస్తున్నా నాలుగు వారాల్లో తగ్గుముఖం పట్టని పుండును మొండి పుండుగా అనుమానించాల్సిందే.

ఒకే ఇంట్లో, ఒకే తిండి తినే ఇద్దరు. ఒకరి గాయం పది రోజుల్లో మానింది, మరొకరిది మూడు నెలలైనా మానలేదు. తేడా ఎక్కడుంది?

కూలిన గోడ... కట్టే మేస్త్రీలు

వానకు ఇంటి గోడ కూలిందనుకోండి. ముందు మిగతా గోడ పడిపోకుండా దన్ను పెడతారు. తర్వాత కూలీలు వచ్చి శిథిలాలు ఎత్తేస్తారు. ఆ తర్వాతే తాపీ మేస్త్రీలు పరంజా కట్టి ఇటుక పేర్చేది. ఆఖర్న పూత, సున్నం. చర్మం తెగినప్పుడు మన ఒంట్లో జరిగేదీ అచ్చం ఇదే.

మొదటి పని ప్లేట్‌లెట్లది. తెగిన రక్తనాళం దగ్గరకు క్షణాల్లో చేరి, ఒకదానికొకటి అతుక్కుని అడ్డుకట్ట వేస్తాయి. వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే సన్నని దారాల వల అల్లుకుంటుంది. నెత్తురు ఆగుతుంది. ఇక రెండో దశ. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి క్రిముల్ని చంపుతాయి. వాటి వెనకే మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కణాల్నీ, క్రిముల్నీ మింగేస్తాయి. గాయం ఎర్రగా వాచి, వేడిగా ఉండేది అప్పుడే. మామూలు గాయాల్లో ఇది కొద్దిరోజుల ముచ్చట.

మూడో దశలో మేస్త్రీలు దిగుతారు. వాటి పేరు ఫైబ్రోబ్లాస్టులు. కొల్లాజెన్ అనే ప్రొటీను పోగుల్ని పేర్చి గుంత పూడుస్తాయి. కట్టే చోటికి నీళ్ల పైపు లాగినట్టు, కొత్త రక్తనాళాలు సన్నగా మొలుచుకొస్తాయి. అంచుల్లోని చర్మకణాలు మెల్లగా పాకుతూ పైకప్పు వేస్తాయి. నాలుగోది, అన్నిటికన్నా పొడవైనది... పేర్చిన పోగుల్ని సరిచేసి గట్టిపరిచే దశ. ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా సాగుతుంది. ఇంతా చేసి, మానిన మచ్చ బలం పాత చర్మం బలంలో సుమారు 80 శాతాన్ని మించదు!

కూలీలు కదలరు... మేస్త్రీలు రారు

మొండి పుండులో చిక్కంతా రెండో దశలోనే. శిథిలాలు ఎత్తడానికి వచ్చిన కూలీలు పని అయ్యాక వెళ్లిపోవాలి కదా! ఇక్కడ వెళ్లరు. న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా అక్కడే తిష్ఠ వేస్తాయి. అవి విడుదల చేసే ఎంజైములు చెత్తతో పాటు కొత్తగా వేసిన కొల్లాజెన్‌నూ నరికేస్తుంటాయి. పగలు కట్టిన గోడను రాత్రి పడగొడుతున్నట్టన్నమాట. పైగా కండ పెరగడానికి శరీరం పంపే రసాయన సంకేతాలు కూడా ఆ ఎంజైముల బారిన పడి ముక్కలైపోతాయి. మేస్త్రీలకు కబురే అందదు.

అలాంటి పుండులోంచి చిటికెడు కండ తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ కథంతా కళ్లకు కడుతుంది. అంచున చర్మం సన్నగా పాకాల్సింది పోయి, దళసరిగా మడత పడి ఉంటుంది. అక్కడి కణాలు పెరుగుతూనే ఉంటాయి, ముందుకు మాత్రం అడుగెయ్యవు. ముసలితనం వచ్చిన ఫైబ్రోబ్లాస్టులు ఉన్నా, పిలుపుకు పలకవు. రక్తనాళాలు అరకొర. అడుగున చచ్చిన కండ, దాని మీద క్రిములు జిగురు దుప్పటి కప్పుకుని కట్టుకున్న కాలనీలు. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ జిగురు పొరను దాటుకుని యాంటీబయాటిక్ మందు లోపలికి వెళ్లడం చాలా కష్టం. తాతయ్య మాత్రలు మింగినా పుండు మానకపోవడానికి ఇదో కారణం.

షుగరు ఉన్నవారిలో దీనికి తోడు మరో రెండు. నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది కాబట్టి గుచ్చుకున్నా కాలినా తెలియదు. కాలి రక్తనాళాలు పూడుకుపోయి నెత్తురు సరిగా అందదు. 'నొప్పి లేదు కదా' అన్న మాటే అక్కడ అసలు ప్రమాద ఘంటిక!

డెంగీతో తెలిసిన పేరు

ప్లేట్‌లెట్ల పేరు వినగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది డెంగీ జ్వరం. 'ఎన్ని ఉన్నాయి? లక్షకు పడిపోయాయా?' అని ఆరా తీయడం ప్రతి వానాకాలం మామూలే. ఒక మైక్రోలీటరు నెత్తుట్లో, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతులో, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి ఇవి. ఎముక మజ్జలోని పెద్ద పెద్ద కణాల నుంచి రాలిపడిన తునకలు. వీటికి కేంద్రకం ఉండదు. ఆయుష్షు ఎనిమిది నుంచి పది రోజులు. అంతే!

నెత్తురు గడ్డకట్టడంలో వీటి పాత్రను ఇటలీ శాస్త్రవేత్త గియులియో బిజోజెరో 1882లోనే వివరించాడు. తర్వాత దాదాపు తొంభై ఏళ్లపాటు ప్లేట్‌లెట్ అంటే నెత్తుటి ధారకు వేసే బిరడా అనే అనుకున్నారు అంతా. 1974లో ఆ అభిప్రాయం మారింది. ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే ఒక పదార్థం ఇతర కణాలను పెరిగేలా చేస్తోందని అమెరికాలో రసెల్ రాస్ బృందం గుర్తించింది. ఒక్కో ప్లేట్‌లెట్‌లో 50 నుంచి 80 దాకా చిన్న సంచుల్లాంటివి ఉంటాయి. వాటిలో నిండా కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లే... గ్రోత్ ఫ్యాక్టర్లు. ఒకటి ఫైబ్రోబ్లాస్టులను పిలుస్తుంది, ఒకటి కొత్త రక్తనాళాలను మొలిపిస్తుంది, ఇంకొకటి చర్మకణాలను ముందుకు నడిపిస్తుంది. అంటే దన్ను పెట్టడానికి వచ్చినవాడి సంచిలోనే మేస్త్రీలకు పంపాల్సిన ఉత్తరాలన్నీ ఉన్నాయన్నమాట!

మరి మేస్త్రీలకు కబురు అందక ఆగిపోయిన పుండులో, ఆ ఉత్తరాల్ని మనమే తీసుకెళ్లి వేస్తే? అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ నైటన్ అనే సర్జన్ చేసింది అదే. రోగుల ప్లేట్‌లెట్ల నుంచి తీసిన పదార్థాన్ని వారి మొండి పుళ్ల మీదే వాడి, 49 మంది అనుభవాన్ని 1986లో ప్రచురించాడు. 1998లో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముక శస్త్రచికిత్సల్లో వాడాక పీఆర్పీ పేరు దంత వైద్యంలో మార్మోగింది. అక్కడి నుంచి కీళ్లకూ, క్రీడాకారుల గాయాలకూ, ఆఖరికి జుట్టు రాలడానికీ పాకింది. ఇప్పుడు వీధి చివర క్లినిక్ బోర్డు మీద మనం చదివే పీఆర్పీ ఇదే.

మీగడ తీసినట్టు...

తయారీ వినడానికి చాలా తేలిక. రోగి చేతి నుంచి 10 నుంచి 20 మిల్లీలీటర్ల నెత్తురు తీస్తారు. మహా అయితే నాలుగు టీ చెంచాలు. అది గడ్డకట్టకుండా ముందే గొట్టంలో సిట్రేట్ అనే ద్రవం వేసి ఉంచుతారు. గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. పైన గడ్డిరంగు ప్లాస్మా తేలుతుంది. రెండింటి మధ్యా మీగడ తరకలా ఓ పల్చని పొర... ప్లేట్‌లెట్లూ, తెల్లకణాలూ ఉండేది అక్కడే. ఎర్రకణాల్ని వదిలేసి పైభాగాన్ని తీసి, మళ్లీ మరింత వేగంగా తిప్పుతారు. ఈసారి ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైనున్న పల్చని ప్లాస్మాలో చాలాభాగం తీసేస్తే మిగిలేదే పీఆర్పీ. మామూలు నెత్తుట్లో కన్నా మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ ప్లేట్‌లెట్లు ఉంటాయి అందులో.

దానికి కాస్త కాల్షియం కలిపితే జున్నులా గడ్డకడుతుంది. ప్లేట్‌లెట్లలోని సంచులు విచ్చుకుని గ్రోత్ ఫ్యాక్టర్లు బయటికొస్తాయి. వాటిలో ఎక్కువభాగం మొదటి గంటలోనే వెలువడతాయి కాబట్టి తయారుచేసి దాచిపెట్టడం కుదరదు, అప్పటికప్పుడు వాడాల్సిందే. ముందుగా పుండులోని చచ్చిన కండను గీకి శుభ్రం చేస్తారు. పుండు మీద ఆ జెల్ పరిచి, లేదంటే అంచుల చుట్టూ సన్నని సూదితో ఎక్కించి, కట్టు కడతారు. సాధారణంగా వారానికోసారి ఇలా చేస్తారు. సొంత నెత్తురే కాబట్టి పడకపోవడమనే భయం తక్కువ.

అద్దం పలక మీద పుండు కథ

పుండు మారే తీరును కంటితో చూసి గుర్తించడం మనవారికి కొత్త కాదు. సుశ్రుత సంహిత మొండి పుండును దుష్ట వ్రణమనీ, శుభ్రపడినదాన్ని శుద్ధ వ్రణమనీ, పూడుకుంటున్నదాన్ని రుహ్యమాన వ్రణమనీ వేరు చేసి చెప్పింది. చికిత్సకు 60 ఉపక్రమాలను పేర్కొంది. నేటి వైద్యులు అదే మార్పును కణాల స్థాయిలో చూస్తున్నారు.

పరిశోధనల్లో చికిత్సకు ముందూ, తర్వాతా పుండు అంచు నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, మైనంలో బిగించి, మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన పొరలుగా కోస్తారు. వాటిని అద్దం పలకల మీద పరిచి రంగులు వేస్తారు. ఒక రంగుకు కణ కేంద్రకాలు ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. మరోదానికి కొల్లాజెన్ పోగులు నీలంగా తేలతాయి. ఇంకో పద్ధతిలో రక్తనాళాల గోడలు గోధుమరంగు చుక్కల్లా బయటపడతాయి. వాటిని లెక్కపెట్టొచ్చు కూడా.

పీఆర్పీకి బాగా స్పందించిన పుళ్లలో మొదట కనిపించే మార్పు... గుంపు పల్చబడటం. తిష్ఠవేసిన న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి. మాక్రోఫేజ్‌లు స్వభావం మార్చుకుంటాయి. అప్పటిదాకా పోరాడుతున్నవి కాస్తా కట్టేవాళ్లకు సాయం చేసే పనివాళ్లుగా మారతాయి. ఇది జరిగితే చాలు, ఆగిపోయిన గడియారం మళ్లీ నడిచినట్టే.

తర్వాత గోధుమరంగు చుక్కలు పెరుగుతాయి. కొత్త రక్తనాళాలు అడుగు నుంచి పైకి నిలువుగా లేస్తాయి. పైనుంచి చూస్తే ఇవే ఎర్రటి గింజల్లా కనిపిస్తాయి. పాలిపోయి, జిగటగా ఉన్న పుండు అడుగు దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రబడటమే ఇంట్లోవాళ్లకు కూడా కనిపించే శుభసూచన. కట్టు మార్చే నర్సులు 'కండ పడుతోంది' అనేది దీన్ని చూసే. అదే సమయంలో ఫైబ్రోబ్లాస్టులు పెరుగుతాయి. నీలం పోగులు మొదట పల్చగా, చెదురుమదురుగా పడతాయి. వారాలు గడిచేకొద్దీ దళసరి కట్టలై, చర్మానికి సమాంతరంగా వరసలు తీరతాయి. తొలుత వేసింది పరంజాలాంటి సన్న కొల్లాజెన్. తర్వాత దాని స్థానంలో వచ్చేది గట్టి కొల్లాజెన్.

చివరికి అంచు కదులుతుంది. గుద్ది తీసినట్టు నిలువుగా ఉన్న గట్టు వాలుగా మారుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు కణాల మందంతో పల్చని నాలుకలాంటి పొర ఎర్రటి కండ మీదుగా పాకడం మొదలెడుతుంది. బయటికి చూస్తే పుండు చుట్టూ లేత గులాబీ అంచు. అది రోజురోజుకూ లోపలికి జరుగుతుంటుంది. రెండువైపులా వచ్చి కలిశాయా... పుండు మూసుకున్నట్టే. అయితే అక్కడ వెంట్రుకలు, చెమట గ్రంథులు మళ్లీ రావు. అది మచ్చ, పాత చర్మం కాదు.

ఈ మార్పులు అందరిలోనూ ఒకేలా, ఒకే వేగంతో రావు. కొందరిలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఎందుకని?

అంకెలు చెప్పే నిజం

2016లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన 10 అధ్యయనాల్నీ, వాటిలోని 442 మంది ఫలితాల్నీ కలిపి చూసింది. మొత్తంగా మొండి పుళ్లన్నిటికీ పీఆర్పీ మేలు చేస్తుందని తేల్చలేమంది. షుగరు పుళ్ల విషయంలో మాత్రం మేలు ఉండొచ్చు, కానీ ఆధారాలు అంత బలమైనవి కావని చెప్పింది.

2018లో మరింత గట్టి పరీక్ష ఫలితాలు వచ్చాయి. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో మానని షుగరు పాదం పుళ్లున్నవారిని రెండు జట్లు చేశారు. ఇద్దరికీ మంచి వైద్యం అందించారు. ఒక జట్టుకు మాత్రం అదనంగా వారి నెత్తుటి నుంచే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఫైబ్రిన్‌తో తయారుచేసిన బిళ్లను వారం వారం పుండు మీద వేశారు. పీఆర్పీకి దగ్గరి చుట్టమే ఇది. 20 వారాల్లో ఆ జట్టులో 132 మందికి 45 మంది పుళ్లు మానాయి. మామూలు వైద్యం పొందిన 134 మందిలో 29 మందివి మానాయి. అంటే నూటికి 34 మంది ఒకవైపు, 22 మంది మరోవైపు.

ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవాలి. నూటికి 12 మంది అదనంగా గట్టెక్కడం చిన్న విషయం కాదు. ఒక్కో పుండు వెనకా ఒక కాలు ఉంది మరి! అదే సమయంలో బిళ్ల వేసినా 20 వారాల్లో మానని వారు మూడింట రెండొంతుల మంది. 'వేస్తే చాలు, మానిపోతుంది' అనే ప్రకటనల్ని నమ్మకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అంతర్జాతీయ షుగరు పాద నిపుణుల బృందం తన 2019, 2023 మార్గదర్శకాల్లో ఈ తరహా బిళ్లను పరిశీలించవచ్చంది. అదీ మామూలు మంచి వైద్యంతో పుండు లొంగనప్పుడు మాత్రమే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 2021 నుంచి మానని షుగరు పుళ్లకు పీఆర్పీ ఖర్చును 20 వారాల దాకా భరించడానికి ఒప్పుకుంది.

ఇంకో చిక్కూ ఉంది. పీఆర్పీ కంపెనీ సీసాలో వచ్చే మందు కాదు. ఎంత నెత్తురు తీశారు, ఎంత వేగంతో తిప్పారు, ఎన్ని ప్లేట్‌లెట్లు వచ్చాయి... ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు. ఒకే పేరుతో రెండు ఆసుపత్రుల్లో దొరికేది ఒకటే కాకపోవచ్చు.

వెల్లూరు నేర్పిన పాఠం

చిత్తూరు దాటి కాస్త ముందుకెళితే వెల్లూరు. మనవాళ్లెందరో వైద్యానికి వెళ్లే ఊరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, కుష్టు రోగుల కాళ్ల మీది పుళ్లను ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్ల కండే చెడ్డది, అందుకే మానదని అప్పట్లో చాలామంది నమ్మకం. కాదన్నాడు బ్రాండ్. వాళ్ల కండ మంచిదే. స్పర్శ లేక, పుండు మీదే నడుస్తున్నారు కాబట్టి మానడం లేదు. కాలికి పిండికట్టు వేసి పుండు మీద బరువు పడకుండా చూస్తే, ఏళ్లనాటి పుళ్లూ మానడం మొదలెట్టాయి. ఆ పాఠమే తర్వాత షుగరు పాదాల వైద్యానికీ ఆధారమైంది.

పీఆర్పీ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే. మేస్త్రీలకు కబురు పంపడం వరకే దాని పని. ఇటుకలు రావడానికి దారి ఉండాలి... అంటే కాలికి నెత్తురు అందాలి. రక్తనాళం పూడుకుపోతే ముందు దాన్ని తెరిపించాలి. కట్టేచోట దొంగలు ఉండకూడదు... అంటే క్రిముల్ని వదిలించాలి. కట్టిన గోడను ఎవరూ తొక్కకూడదు... అంటే పుండు మీద బరువు పడకూడదు. షుగరు అదుపులో ఉండాలి, పొగ మానాలి, ఒంటికి తగినంత ప్రొటీను అందాలి. ఇవేవీ లేకుండా ఎన్ని సిట్టింగులు పీఆర్పీ వేసినా పునాది లేని గోడకు సున్నం వేసినట్టే. ఇవన్నీ సరిగా ఉంటే ఎన్నో పుళ్లు పీఆర్పీ అవసరం లేకుండానే మానతాయి కూడా!

కొందరికి పీఆర్పీ అసలు వద్దు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారికి, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరినవారికి చెయ్యరు. ఏళ్ల తరబడి మానని పుండు ఒక్కోసారి క్యాన్సర్‌గా మారుతుంది. అంచులు పైకి లేచి, కాలీఫ్లవర్‌లా కండ పెరుగుతుంటే ముందు ముక్క తీసి పరీక్షించాల్సిందే. కణాలు పెరగమని చెప్పే మందును క్యాన్సర్ ఉన్నచోట వేయడం ప్రమాదం.

వైద్యుణ్ని అడగండి

పీఆర్పీ వేయించుకుందాం అంటే, ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు వేయడానికి మొహమాటపడొద్దు.

* కాలికి నెత్తురు సరిగా అందుతోందా? డాప్లర్ పరీక్ష చేశారా?

* ఎముకకు ఇన్‌ఫెక్షన్ పాకిందేమో చూశారా?

* పుండు మీద బరువు పడకుండా ఏం చేస్తున్నాం? పిండికట్టా, ప్రత్యేకమైన చెప్పులా?

* చచ్చిన కండను పూర్తిగా తీశారా?

* పుండు కొలత ఎంత? ప్రతి వారం కొలిచి రాస్తారా? నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే వైద్యం తీరు మార్చాలన్నది నిపుణులు పాటించే లెక్క.

* మొత్తం ఎన్నిసార్లు వేయాలి? ఎంత ఖర్చవుతుంది? ఎప్పటికి ఫలితం లేకపోతే ఆపేస్తారు?

వీటికి సూటిగా జవాబు చెప్పేవారి దగ్గర వైద్యం చేయించుకోవడమే మంచిది.

రాత్రిపూట రెండు నిమిషాలు

షుగరు పాదం పుండు మానిన ప్రతి వందమందిలో దాదాపు 40 మందికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతోంది. పుండు మూసుకున్నా స్పర్శ తిరిగి రాదు, పాదం ఆకారం మారదు కాబట్టి. అందుకే అసలైన జాగ్రత్త పుండు మానాకే మొదలవుతుంది. ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి. వేసుకునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. వేడినీళ్లను పాదంతో కాదు, మోచేత్తో పరీక్షించాలి. ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోకూడదు. కొత్త చెప్పులు సాయంత్రం పూట కొనాలి, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సమయం అదే కనుక.

అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పాదాల అడుగు చూసుకోవడం. వయసు మళ్లినవారికి వంగి చూసుకోవడం కష్టం. కింద అద్దం పెట్టుకోవచ్చు. లేదా ఇంట్లో ఎవరైనా చూడొచ్చు. కథ మొదట్లోని పెద్దాయన లాంటివారి ఇళ్లలో ఆ పనికి మనవరాలిని మించిన మనిషి ఉండదు. రాత్రి అన్నాలయ్యాక తాతయ్య కాళ్లు చాపి కూర్చుంటే, వేలు వేలు మధ్యా టార్చిలైటు వేసి చూసి 'ఇవాళ ఏం లేదు తాతయ్యా' అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.